లాగిన్ ఒకరిది, చెయ్యి ఒకరిది

కోట్లు చేసే యంత్రాన్ని ప్రతి ల్యాబ్‌కీ కొనలేం, అందరికీ కలిపి ఒకచోట పెడదాం అన్న ఆలోచన మన దేశంలో 1970ల నుంచీ ఉంది. ఒకప్పుడు ఎవరు వాడారో రాయడానికి అట్ట చిరిగిన లాంగ్ నోట్‌బుక్కూ, దానికి దారంతో కట్టిన పెన్నూ ఉండేవి. పెన్ను పోయేది, దారం మిగిలేది. ఇప్పుడు ఆ చోట సాఫ్ట్‌వేర్ కూర్చుంది. ట్రైనింగ్ పూర్తయితేనే స్లాట్ ఇస్తుంది, స్లాట్ ఉంటేనే స్క్రీన్ తెరుస్తుంది, తెరిచిన నిమిషం నుంచీ మీటరు వేసి మీ గైడ్ ప్రాజెక్టులోంచి డబ్బు లాగుతుంది. పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్లు దీన్ని చూసి బెదరనక్కర్లేదు. పెద్దలు వేసిన అడ్డదారి ఉంది.

మొదట ట్రైనింగ్. వీడియో ఆన్ చేసి, సౌండ్ తీసేసి, మెస్‌కెళ్లి భోంచేసి రండి. చివర్లో వచ్చే క్విజ్‌కి జవాబులు బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో పుణ్యాత్ముడు ఎప్పుడో పిన్ చేసి ఉంటాడు. ప్రశ్నలు మాత్రం చదవకండి. చదివితే సందేహం వస్తుంది, సందేహం వస్తే టెక్నికల్ ఆఫీసర్‌ని అడగాలి, ఆయన "కూర్చో అమ్మా, చూపిస్తా" అన్నారంటే మధ్యాహ్నం మొత్తం పోయినట్టే. పైగా యంత్రం వాడటం నిజంగా వచ్చేసే ప్రమాదం కూడా ఉంది.

క్విజ్‌కీ ఓపిక లేకపోతే సీనియర్ లాగిన్ ఉండనే ఉంది. "అన్నా, ఒక్క రాత్రికి పాస్‌వర్డ్ ఇవ్వవా" అంటే కాదనే అన్న ఏ హాస్టల్లోనూ ఉండడు. అలా పాస్‌వర్డ్ దానం చేసిన ఒకాయన థీసిస్ ఇచ్చేసి జర్మనీలో పోస్ట్‌డాక్ చేసుకుంటున్నాడు. సాఫ్ట్‌వేర్ లెక్కలో మాత్రం వారంలో సగం రాత్రుళ్లు ఇక్కడే కూర్చుని శాంపిల్స్ చూస్తున్నాడు. అంతటి కష్టజీవిని వదులుకున్న దేశం బాగుపడుతుందా!

ఇక అసలు పని. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అనుకుందాం. అల్యూమినియం స్టబ్ మీద కార్బన్ టేపు అంటించి, దానిమీద మీ పొడిని ధారాళంగా చల్లండి. అంటుకోని పొడిని బ్లోయర్‌తో ఊదేయమని వీడియోలో చెప్పారట; మీరు అప్పుడు మెస్‌లో ఉన్నారు కాబట్టి మీకు వర్తించదు. శాంపిల్ ఇంకా తడిగా ఉన్నా లోపల పెట్టేయండి. పంపు తిరుగుతూనే ఉంటుంది, వ్యాక్యూమ్ రాదు, ఈలోగా రెండు రీల్స్ చూడొచ్చు. కరెంటు పారని శాంపిల్ అయితే పైన పలచగా బంగారం పూత వేయాలి. వేయకపోతే బొమ్మ తెల్లగా పేలిపోయి కనిపిస్తుంది. దాన్ని సెమినార్‌లో కొత్త నానో నిర్మాణంగా చూపించవచ్చు. మీది ఐరన్ ఆక్సైడ్ పొడి అయితే మరీ మంచిది. వదులుగా ఉన్న రేణువులు మీ స్టబ్‌ని వదిలి నేరుగా పైనున్న లెన్స్‌కి అతుక్కుంటాయి. ఆ లెన్స్ కూడా అయస్కాంతమే మరి.

పని కాగానే కామెంట్స్ గడిలో "ఓకే" అని రాయండి. ఈ సాఫ్ట్‌వేర్ మొత్తంలో పనికొచ్చే చోటు ఆ గడి ఒక్కటే అని నా అభిప్రాయం. వ్యాక్యూమ్ ఆలస్యంగా వచ్చిందనో, పొడి రాలిందనో ఒక్క ముక్క రాస్తే తర్వాత వచ్చేవాళ్లు బతికిపోతారు. అందుకే రాయకూడదు. "ఓకే" రాసి వెంటనే లాగౌట్ అవ్వండి, ఇది ముఖ్యం. యంత్రం ఎవరి లాగిన్‌లో ఆగిపోతే వాళ్లదే తప్పు అని సాఫ్ట్‌వేర్ ఘంటాపథంగా చెబుతుంది. ఉదయం తొమ్మిదింటి స్లాట్‌కి స్నానం చేసి బొట్టు పెట్టుకుని వచ్చిన ఎమ్మెస్సీ అమ్మాయి ఉందిగా, సంజాయిషీ ఆమె రాసుకుంటుంది.

ఇన్‌ఛార్జ్ ప్రొఫెసర్లకూ ఒక మాట. 2020 జనవరి 3న బెంగళూరు సైన్స్ కాంగ్రెస్‌లో ప్రధాని ఐ-స్టెమ్ పోర్టల్ ప్రారంభించాక, ప్రభుత్వ సొమ్ముతో కొన్న యంత్రం ఎక్కడుందో బయటివాళ్లూ చూసి బుక్ చేసుకునే వీలొచ్చింది. కంగారుపడకండి. మంచి స్లాట్లన్నిటికీ "మెయింటెనెన్స్" అని పెట్టి, ఆ వేళల్లో మీ స్కాలర్లని కూర్చోబెట్టండి. వాడకం గంటలు తగ్గాయని ఆడిట్‌లో అడుగుతారనుకుంటే, రాత్రి ఎవరో ఒకరు లాగిన్ అయ్యి వదిలేసి వెళ్తే చాలు. స్క్రీన్‌సేవర్ తిరిగిన గంటలు కూడా పరిశోధన గంటలే.

ఎప్పుడో ఒకనాడు యంత్రం మూలుగుతుంది. సర్వీస్ ఇంజనీర్ వస్తాడు, లాగ్ చూపించమంటాడు. ప్రింటు తీసి ఇవ్వండి: పేజీలకు పేజీలు ఓకే, ఓకే, ఓకే. ఆయన అది పక్కనపెట్టి, వరండాలో స్టూలు మీదున్న అటెండర్‌ని పిలిచి "శుక్రవారం రాత్రి ఎవరొచ్చారు బాబాయ్?" అని అడుగుతాడు. బాబాయ్‌కి లాగిన్ లేదు, ట్రైనింగ్ సర్టిఫికెట్ లేదు. పేరూ, హాస్టల్ గది నంబరూ, చేతిలో ఉన్న సీసా రంగూ చెప్పేస్తాడు. కాబట్టి ఆయనకి వారానికోసారైనా టీ ఇప్పించండి.