మడుగురేకు పద్యానికి టీకా తాత్పర్యం

సైకి లెక్కి పోవు జాణకు వానలో
పైన నుండి కాదు పాదములకు
ముందు చక్ర మదియె ముప్పును దెచ్చురా
మడుగురేకు లేని మనుజునకును

అవతారిక: మల్లినాథసూరి మన మెదక్ ప్రాంతపు కొల్చారం వాడు. కాళిదాసు మేఘసందేశానికి సంజీవని అనే వ్యాఖ్య రాశాడు. మేఘుడు రామగిరి నుంచి అలకాపురికి పోయే దారి అడుగడుగునా విడమరిచాడు గానీ, అదే మేఘం కింద మియాపూర్ నుంచి గచ్చిబౌలికి సైకిలు తొక్కేవాడి కాళ్ల గతి ఏమిటో ఆయనకు పట్టలేదు. అందుకే ఈ టీక. పద్యం ఆటవెలది. కవీ వ్యాఖ్యాతా ఒకడే కనుక పాఠభేదాల గొడవ లేదు.

ప్రతిపదార్థం: వానలోన్ = వానయందు, అనగా ఆఫీసు వదిలెడు వేళయందు; సైకిలు ఎక్కి పోవు = సైకిలునధిరోహించి యరుగునట్టి; జాణకు = నేర్పరికి, అనగా ఒంటికి రెయిన్‌కోటు, నెత్తికి టోపీ, ఫోనుకు పాలిథీన్ కవరు అమర్చుకొని ఇక తనకు తిరుగులేదని తలచువానికి; మడుగురేకు లేని = మడ్‌గార్డు లేనట్టి; మనుజునకును = మానవునికి; పాదములకు = అడుగులకు, వానిని కప్పిన సాక్సులకు కూడ; పైననుండి కాదు = ఆకాశమునుండి కాదు సుమా; ముందు చక్రము అదియె = ముందరి చక్రమే; ముప్పును తెచ్చురా = ఆపద కలిగించునురా. ‘రా’ అన్నది సంబోధన. ఎవరినో కవి చెప్పలేదు. ఎవరి సాక్సు తడిస్తే వారినే.

తాత్పర్యం: వానలో సైకిలు తొక్కువాని పాదములను తడుపునది మేఘుడు కాడు, తన ముందరి చక్రమే. కావున కోటు కొనుటకు ముందు రేకు బిగించుకొనవలెనని భావము.

విశేషాలు: ‘అది ఎట్లు?’ అని శంక. సైకిలు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. టైరు నేలను తాకే చోట ఆ క్షణానికి కదలిక సున్నా. చక్రం నెత్తిన వేగం 30. ఇది దారిన నిలబడి చూసేవాడి లెక్క. జీను మీద కూర్చున్నవాడి లెక్క వేరు. అతడికి టైరు అడుగు భాగం గంటకు 15 కిలోమీటర్లతో తన కాళ్ల వైపే పరుగెత్తి వస్తోంది. గంటులలో పట్టుకున్న మడుగునీరు అక్కడ టైరును వదిలి, కాస్త పైకి లేచి, సూటిగా పెడల్ మీదికి పోతుంది. బూటు ముందుభాగం ముందు తడవడం ఇందుకే.

నాన్నల కాలపు నల్ల సైకిలుకు నిండు రేకులుండేవి. దాన్ని కవి ఎరుగును. ఇప్పటి గేరు సైకిలు కొండల బురదకు పుట్టింది. రేకులో బురద ఇరుక్కుంటుందని అక్కడ తీసేశారు. మన కాలనీలో అదే ఫ్యాషనైంది. కొందరు అడుగుగొట్టానికి జానెడు ప్లాస్టిక్ ముక్క తగిలించి మడ్‌గార్డంటారు. అది మొహం మీద చిందే బురదను కొంత ఆపుతుంది, పాదాల సంగతి దానికి తెలియదు. రేకు కింది కొస దాటి నీరు పోతుంది గనుక, ఆ కొసకు పాత ట్యూబు ముక్కైనా, కత్తిరించిన నూనె డబ్బా ప్లాస్టిక్కైనా రెండు బోల్టులతో వేలాడదీయాలి. నేలకు నాలుగు వేళ్ల ఎత్తు దాకా దిగాలి. స్పీడ్‌బ్రేకర్ తగిలితే వంగి లేస్తుంది. ఈ ముక్కను మించిన వస్తువు ఈ శాస్త్రంలో లేదని నా సిద్ధాంతం.

ఇక్కడ కవచవాదుల పూర్వపక్షం. 1969లో బాబ్ గోర్ అనే ఆయన టెఫ్లాన్‌ను ఒక్క గుంజు గుంజితే, చెమట ఆవిరి బయటికి పోయి, చినుకు లోపలికి రాని పొర పుట్టింది, గోర్‌టెక్స్ బూట్లున్నాయి గదా, రేకెందుకని వారి వాదం. బూటుకు పైన కాలు దూరేంత బిలం ఉందన్న సంగతి వారు మరిచారు. పిక్కల మీదుగా జారిన నీరు అందులోకి దిగితే మళ్లీ బయటికి దారి లేదు. వానప్యాంటును బూటులోకి దోపుకునేవాడు ఈ నీటికి తానే కాలువ తవ్వినట్టు. పెంకుటింటి కప్పు మీద పై పెంకు కింది పెంకును కప్పినట్టే, ప్యాంటు అంచు బూటు మీదికి రావాలి.

చెప్పులవాదులది వేరే దారి. పాలవాళ్లు, పేపరు వేసే పిల్లలు ఈ మతస్థులు. వచ్చిన నీటిని పోనివ్వడమే మేలంటారు. హవాయి చెప్పు తడి పెడల్ మీద జారుతుందన్న ఒక్క అభ్యంతరం తప్ప నాకూ ఇదే ఇష్టం. మడమ పట్టీ ఉన్న శాండల్ వేసుకుని, బూట్లూ సాక్సూ సంచిలో కట్టుకుపోతే సరి.

2023లో హైదరాబాద్ ఔటర్ రింగురోడ్డు పక్కన సౌరఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట వేశారు. దాని మీద వాన పడదు. అక్కడికి చేరేదాకా పడుతుంది.

అలంకారం: వాన వెలిసిన అరగంటకు కూడా కాళ్లు తడుస్తాయి, కారణం లేకుండా కార్యం గనుక విభావన అని కొందరు. మడుగులో మునిగింది చక్రం, తడిసింది పాదం, కారణం ఒకచోట కార్యం మరొకచోట గనుక అసంగతి అని మరికొందరు. నేను అసంగతి పక్షం. మడుగు కారణంగా ఎదురుగానే ఉంది, విభావన పొసగదు.

అనుబంధం: ఇంత చెప్పినా బూటు తడిస్తే, లోపలి అట్ట ఊడదీసి, వేళ్ల దాకా దినపత్రిక కుక్కి, తడిసినప్పుడల్లా మార్చాలి. పొయ్యి దగ్గర పెడితే అతుకు ఊడుతుంది. వారపత్రికల నునుపు కాగితం అంతగా నీరు పీల్చదు. కనుక ఈ పేజీని వాడదలచినవారు ముందు వేలితో రాసి చూడవలెను.