కొబ్బరినూనె సాక్షిగా

మొన్న డిసెంబరులో ఒకనాడు తెల్లవారుజామున ఐదింటికి మా మనవడు నన్ను కుదిపి లేపి, "తాతయ్యా, సింగిల్ డిజిట్!" అన్నాడు. ఎవరో బ్యాట్స్‌మన్ తొందరగా అవుటైపోయాడు కాబోలనుకున్నాను. కాదట. లంబసింగిలో చలి. వాడూ వాడిలాంటి మరో నలుగురు పిల్లలూ చలికాలం నాలుగు నెలలూ రాత్రుళ్లు పడుకోరు. ఆదిలాబాదులో ఎంత, అరకులో ఎంత, చింతపల్లిలో ఎంత అని పందెంకోళ్లను చూసినట్టు అంకెల్ని చూస్తూ కూర్చుంటారు. అర డిగ్రీ తగ్గితే పండగ, అర డిగ్రీ పెరిగితే సంతాపం. వాడు మాత్రం ఆ సంగతంతా నాకు నర్సీపట్నంలో, మందపాటి రగ్గు కప్పుకుని, చెవులకు మఫ్లర్ చుట్టుకుని చెప్పాడు.

నేను 1972లో చింతపల్లిలో ఆశ్రమ పాఠశాల మాస్టారుగా చేరాను. అప్పటికి నాకు ఇరవైమూడేళ్లు. పదకొండేళ్లు అక్కడే ఉన్నాను. కాబట్టి మన్యం చలి గురించి నాతో మాట్లాడేటప్పుడు కాస్త ఆచితూచి మాట్లాడాలి.

మా రోజుల్లో చలికి అంకె లేదు. వస్తువులుండేవి. దీపావళి వెళ్లిన వారానికి కొబ్బరినూనె సీసా రాయి అయిపోయేది. మళ్లీ శివరాత్రికి గానీ అది మనిషి మాట వినేది కాదు. మొదట్లో పుల్లతో గీకితే వచ్చేది, పుష్యమాసానికి పుల్ల విరిగేది. సీసాని పొయ్యి గట్టు మీద పెట్టి, కరిగిన నాలుగు చుక్కలు బడికి వెళ్లే ముందు తలకి రాసుకుంటే, ఫస్టు బెల్లు అయ్యేసరికి జుట్టు మీదే మళ్లీ తెల్లగా పేరుకునేది. నెయ్యిని చాకుతో కోసి వడ్డించింది మా ఆవిడ. మనవడేమో కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, విశాఖపట్నంలోనూ కడుతుంది, అదేం రుజువు కాదంటాడు. కట్టడం వేరు నాయనా, పుల్ల విరగడం వేరు. ఇప్పుడా తంటా కూడా లేకుండా పారాచూట్ వాళ్లు వేళ్లు పెట్టి తీసుకోడానికి వెడల్పు మూతి డబ్బా అమ్ముతున్నారు. చలికాలం వచ్చిందని చెప్పే ఒక్క సాక్షినీ అలా నోరు నొక్కేశారు.

లంబసింగికి అసలు పేరు కొర్రబయలు. బయట నిలబడ్డవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని ఆ పేరు. ఇప్పుడు పెట్టుకున్న 'ఆంధ్రా కశ్మీరు' అనే పేరు కంటే అది వందరెట్లు నయం. అందులో ఊరి అనుభవం ఉంది, దీంట్లో హోటలు బోర్డుంది. అక్కడికి వెళ్లే ఘాటు రోడ్డు పుట్టుకే చలి పుట్టించే కథ. తెల్లవాడి కాలంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం వాళ్ల చేత చాలీచాలని కూలికి, ఒక్కోసారి అసలు కూలే ఇవ్వకుండా, ఆ రోడ్డు మీద చాకిరీ చేయించాడు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడడానికి వెనకున్న మంటల్లో ఆ రోడ్డు పని కూడా ఒకటి. ఈరోజు అదే రోడ్డు మీద డిసెంబరు ఆదివారాల్లో తెల్లవారుజామున మూడింటి నుంచి కార్లు బారులు తీరతాయి. వెనక్కి రాలేరు, ముందుకి పోలేరు. అద్దాలు ఎక్కించుకుని, హీటరు వేసుకుని, డాష్‌బోర్డు మీద ఎన్ని డిగ్రీలు చూపిస్తోందో ఫోటో తీసుకుంటారు. చలిని చూడ్డానికి అంత దూరం వచ్చి చలికి అద్దం వేసుకునే జాతిని నేను మన కాలంలోనే చూస్తున్నాను.

మేం వెళ్లేటప్పుడు ఆ ఘాటు మీద బస్సుకి అద్దాలుండేవి కావు, పరదాలుండేవి. అవి కూడా సగం చిరిగి. తెల్లారి మొదటి బస్సు ఇంజను ఒక పట్టాన లేచేది కాదు. డ్రైవరు కింద నెగడు దగ్గర చేతులు కాచుకుంటూ, "మాస్టారూ, ఒక చెయ్యి వెయ్యండి" అనేవాడు. ప్రయాణికులమంతా దిగి తోస్తే అది దగ్గి, తుమ్మి, కదిలేది. తోశాక చలి పోయేది. అది టిక్కెట్టులోనే కలిసిన సౌకర్యం.

నెగడు అనే మాట అన్నాను కదా, దాన్ని కూడా పోగొట్టుకున్నాం. అది ఇప్పుడు క్యాంప్ ఫైరు. డేరా అద్దె వేరు, క్యాంప్ ఫైరు వేరు, బొంగు చికెన్ వేరు. మా కాలంలో నెగడు వేస్తే దారిన పోయేవాడు ఆగి కూర్చునేవాడు, పోతూ పోతూ ఒక కట్టె వేసి పోయేవాడు. ఇంట్లో మధ్యన పొయ్యి, చుట్టూ మనుషులు. ఆశ్రమ పాఠశాలలో మా పిల్లలు ఒక్కో కంబళిలో ముగ్గురేసి దూరేవారు. మధ్యలో పడుకునే చోటు కోసం రోజూ పోట్లాట. దాన్ని తీర్చడానికి నేను వంతుల పట్టిక ఒకటి రాసి గోడకి అంటించాను. నా ఉద్యోగ జీవితంలో నేను తయారుచేసిన పట్టికలన్నిటిలోకీ తు.చ. తప్పకుండా అమలైంది అదొక్కటే. పొద్దున్నే గెడ్డలో స్నానానికి పంపితే, వాళ్లు వెళ్లినట్టే వెళ్లి తల తడుపుకుని వచ్చేసేవారు. నాకు తెలుసు. నేను కూడా అంతే చేసేవాణ్ణి.

అయితే మాస్టార్లు మన్యానికి బదిలీ అంటే ఏడ్చింది చలికి కాదు, మలేరియాకి. మన్యం జ్వరం అనే పేరుకే కిందివాళ్లు హడలిపోయేవారు. డిసెంబరు రాత్రి వణుకు పుడితే అది చలిదో జ్వరానిదో తేల్చుకోవడానికి కంబళి మీద కంబళి కప్పి చూసేవాళ్లం. ఆగితే చలి, ఆగకపోతే క్లోరోక్విన్. ఈ పరీక్ష సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇక మనవడి శాస్త్రం. అది నాకు నచ్చలేదని కాదు, వాడు చెప్పే తీరు నచ్చలేదు. చలికి కావలసింది ఎత్తొక్కటే కాదట. ఆకాశం నిర్మలంగా ఉండాలి, గాలి ఆడకూడదు, గాలిలో తేమ తక్కువుండాలి. పగలు నేల తాగిన వేడంతా రాత్రి పైకి పోతుంది. మబ్బు ఉంటే అది దుప్పటిలా ఆపేస్తుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి కొండవాలు వెంబడి జారి పల్లంలో మడుగు కడుతుంది. అందుకే కొండ మీద కంటే కింద లోయలో ఎక్కువ చలి. కిలోమీటరు ఎత్తుకి ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందనేది మామూలు లెక్క, లంబసింగి ఉన్నది దాదాపు ఆ ఎత్తులోనే. ఇదంతా వాడు బోర్డు మీద బొమ్మ గీసి నాకు పాఠం చెప్పాడు. ఒరేయ్, రేడియోలో 'బంగాళాఖాతంలో అల్పపీడనం' అని వినగానే ఆ రాత్రి ఒక కంబళి తగ్గించి పడుకున్నవాణ్ణి నేను. మబ్బు పడితే వెచ్చన అని నాకు పుస్తకం చెప్పలేదు, వీపు చెప్పింది.

వాళ్ల అంకెల్లో మోసం కూడా ఉంది. వీడు మేడ మీద పిట్టగోడకి ఒక యంత్రం బిగించాడు. పగలంతా కాలిన కాంక్రీటు రాత్రంతా వేడి కక్కుతుంటే దాన్ని ఆనుకున్న యంత్రం ఏం చెబుతుంది? వాతావరణ శాఖ వాళ్లు అందుకే తెల్లరంగు చెక్కపెట్టెలో, నాలుగడుగుల ఎత్తున, ఎండ సూటిగా పడకుండా, తలుపు ఉత్తరానికి ఉండేలా పెడతారు థర్మామీటరు. అక్కడి లెక్క లెక్క. కారు డాష్‌బోర్డు లెక్క కాదు, ఫోనులో ఎక్కణ్ణించో వచ్చి పడే అంకె కాదు. చలిగాలులు అని ప్రకటించడానికి కూడా ఒక కొలత ఉంది. మైదానంలో అయితే పది డిగ్రీలకి గానీ అంతకంటే కిందికి గానీ దిగాలి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలైనా తగ్గాలి. టీవీవాడికి అదేం పట్టదు. పద్నాలుగుకే 'గజగజ' అంటాడు. హైదరాబాదులో 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు పడింది. అప్పుడు టీవీ ఉండి ఉంటే ఏమనేవాడో, గజగజ తర్వాత మాట తెలుగులో ఇంకా పుట్టలేదు.

అన్నిటికంటే నన్ను మండించేది 'లంబసింగిలో మంచు కురిసింది' అనే వార్త. ఏ మంచు బాబూ? తెలుగువాడికి తెల్లారి గడ్డి మీద నీటిబొట్టూ మంచే, ఎదురుగా మనిషి కనిపించకుండా కమ్మేదీ మంచే, కశ్మీరులో దూదిపింజల్లా రాలేదీ మంచే. నిఘంటువులో హిమం, తుహినం, నీహారం, తుషారం అని బోలెడున్నాయి గానీ వాటిని కావ్యాలకి రాసిచ్చేశాం. లంబసింగిలో నేను ఎన్నోసార్లు చూసింది గడ్డి మీద, ఎండుగడ్డి కుప్ప మీద, బండి టాపు మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి పొర. అది పైనుంచి కురిసింది కాదు. నాలుగడుగుల ఎత్తున గాలి మూడు, నాలుగు డిగ్రీలున్నా నేలకి అంటుకున్న గడ్డి సున్నాకి పోతుంది. గాలిలోని తేమ దాని మీద అక్కడికక్కడే పలుకు కడుతుంది. పొద్దెక్కితే కరిగిపోతుంది. దాన్ని చేత్తో గీకి, పిడికెడు పోగుచేసి, ఫోటో తీసి 'స్నోఫాల్' అని పెడుతున్నారు. ఇది పచ్చి అబద్ధం. నాకు కురిసే మంచు కూడా తెలుసు, నేను చికాగోలో ఒక చలికాలం చేసి వచ్చాను.

మా అబ్బాయి దగ్గర 2018-19 చలికాలం. జనవరి 30న మైనస్ 31 డిగ్రీలు. ఆరోజు టపా కూడా బంద్. రైలు పట్టాలు బిగుసుకుపోకుండా కలిసే చోట్ల గ్యాసు మంటలు పెట్టారు. పట్టాలకి నెగడు వేసిన దేశాన్ని చూశాక, నేను జీవితంలో మొదటిసారి నా గొప్పలు కట్టిపెట్టి కూర్చున్నాను. కానీ పక్కింటి ముసలాయన కూర్చోలేదు. కిటికీ దగ్గర కాఫీ తాగుతూ, ఇదీ ఒక చలేనా అన్నాడు. 1985 జనవరిలో మైనస్ 33 చూశాట్ట. 1967 జనవరిలో ఒకటిన్నర రోజుల్లో 23 అంగుళాల మంచు పడితే ఊళ్లో బస్సులు ఎక్కడివక్కడ పూడిపోయాయట. అప్పట్లో కుర్రాళ్లు పార తీసుకుని ఇంటింటికీ వచ్చేవాళ్లట, ఇప్పటివాళ్లు ఫోను తీసుకుని యంత్రాన్ని పిలుస్తున్నారట. మంచు తవ్వి ఖాళీ చేసుకున్న చోట మరొకరు కారు పెట్టకుండా పాత కుర్చీ వేసి కాపు కాసే అలవాటు ఆ ఊళ్లో ఉంది. ఆ కుర్చీలు కూడా ఇప్పుడు ప్లాస్టిక్‌వి వస్తున్నాయని ఆయన బాధ. నాకు ఆయన భాష సగమే అర్థమైంది, బాధ పూర్తిగా అర్థమైంది. వంతు వచ్చినప్పుడు నేను కూడా అందుకున్నాను. 1974లో చింతపల్లిలో పెరట్లో బకెట్లో నీళ్లు గడ్డకట్టేశాయనీ, మా ఆవిడ చెంబుతో కొట్టి పగలగొట్టి నాకు మొహం కడుక్కోడానికి ఇచ్చిందనీ చెప్పాను. ఆయన టోపీ తీసి గౌరవించాడు.

ఈ కథ ఈమధ్య మనవడికి చెబితే, "ఏ తేదీ తాతయ్యా?" అన్నాడు. వాళ్ల జట్టు వాళ్లు పాత రికార్డులు వెతుకుతున్నారట. జనవరి, 1976 అన్నాను. "పోయిన సంక్రాంతికి 1977 అన్నావు" అన్నాడు. ఏడాది అటూ ఇటూ అయితే చలి అబద్ధమవుతుందా? అయినా మా రోజుల్లోనే చలి ఎక్కువ అన్న వాదనలో మొత్తం మీద గెలుపు నాదే. మన దేశంలో 1901 నుంచి లెక్కలున్న సంవత్సరాలన్నిట్లోకీ 2024 వేడి అని వాతావరణ శాఖే తేల్చింది. ఆ సంగతి వాడే ఒప్పుకున్నాడు. కానీ అక్కడితో ఊరుకోకుండా, ఒక్క చలి రాత్రితో ఏమీ తేలదని, వెచ్చటి రాత్రులు ఎవరికీ గుర్తుండవని, నలభై యాభై ఏళ్ల లెక్క వరసగా ఉంటేనే మాట్లాడాలని అన్నాడు. నా లెక్క వరసగానే ఉంది, సీసాలో ఉంది అన్నాను.

అప్పటిదాకా వంటింట్లో చిక్కుడు ఈనెలు తీస్తూ అన్నీ వింటున్న మా ఆవిడ బయటికొచ్చింది. "చికాగో ముసలాయనకి 1974 అన్నారు. అప్పటికి మనకింకా పెళ్లే కాలేదు. నేను చెంబుతో ఎలా పగలగొట్టాను?" అంది. నేను దగ్గాను. "బకెట్టూ లేదు, గడ్డా లేదు. మీరు చెప్పేది మీకు మన్యం జ్వరం వచ్చిన ఏటి సంగతి. ఇంట్లో ఉన్న కంబళ్లన్నీ కప్పి, పక్కింటివాళ్లవి కూడా తెచ్చి కప్పాను. వణుకు ఆగలేదు. మంచుగడ్డ, మంచుగడ్డ అని రాత్రంతా కలవరించారు. అప్పుడు జనవరి కూడా కాదు, ఆగస్టు."

మనవడు ఆ ఏటి అంకెని కొట్టేశాడు. వాడి జట్టంతటికీ ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది.

పాఠకుల్లో 1972-83 నడుమ చింతపల్లి, లంబసింగి ప్రాంతాల్లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే, బకెట్లో నీళ్లు గడ్డకట్టడం మీరు కళ్లారా చూసి ఉంటే, దయచేసి తేదీతో సహా ఒక ఉత్తరం రాయండి. సాక్షి సంతకం ఉంటే మరీ మంచిది. మా ఆవిడకి చూపించాలి.