అణియం కింది అర

నెల్లూరు జిల్లా తీరంలో ఒక పట్టపుపాలెం. ఇసుక మీదికి లాగి పెట్టిన ఫైబర్ బోట్ల వరసలో నాలుగోదాని అణియం కింద, అంటే ముందుకొస కింద, మనిషి మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే సరిపోయేంత అర ఒకటుంది. ఆ పడవకి గది అన్నా, గిడ్డంగి అన్నా అదే. ఈ కథ దానిది, చెప్పేదీ అదే. కాకపోతే ‘నేను’ అనదు, ‘ఈ అర’ అనే చెప్పుకుంటుంది.

ముందు తరాలకి అర అనేదే లేదు. తెప్పంటే తాళ్లతో బిగించి కట్టిన దుంగలు. దుంగల సందుల్లోంచి నీళ్లు పైకొస్తాయి, మళ్లీ అక్కణ్ణించే దిగిపోతాయి. సద్ది డబ్బా తాడుకి కట్టుకోవాల్సిందే. దాచుకునే చోటు లేదు గానీ, నీళ్లు నిలిచే చోటూ లేదు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత ఈ తీరంలో ఫైబర్ బోట్లు బాగా పెరిగాయి. ఈ అర పుట్టింది ఆ తర్వాతి ఏళ్లలోనే.

ఫైబర్ బోటుని అచ్చులో తయారుచేస్తారు. ముందు అచ్చుకి నున్నటి జెల్‌కోట్ పూసి, దాని మీద గాజుపీచు పరచి రెజిన్‌తో తడుపుతూ పొర మీద పొర వేస్తారు. అచ్చుకి ఆనుకున్న వైపు అద్దంలా మెరుస్తుంది. లోపలివైపు మాత్రం గరుకుగానే ఉంటుంది. ఈ అర గోడలు అలాంటివే. పీచు మొనలు లేచి ఉండేవి, చెయ్యి తగిలితే రెండు రోజులు దురద. పైన మూత ఉంది, గాలికి దారి లేదు. అడుగు పల్లంగా ఉంది, నీటికి దారి లేదు.

అందులో పెట్టనిదంటూ లేదు. చిరిగిన వల, డీజిల్ డబ్బా, బియ్యం సంచి, అగ్గిపెట్టెలు, బిస్కట్ పొట్లాలు, రెండు లైఫ్ జాకెట్లు. అన్నిటికన్నా అడుగున తెరచాప. ఇంజను ఆగిపోతే పనికొస్తుందని పెట్టిన నూలుగుడ్డ చాప అది. మొదటి రోజు తడిగానే మడిచి తోసేశారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి దాని ముఖం ఎవరూ చూడలేదు.

ఉప్పు సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని పీల్చుకుని కరిగిపోతుంది. సముద్రపు ఒడ్డున రాత్రిళ్లు అంత తేమ మామూలే. సముద్రపు నీళ్లు తగిలి ఆరిన గోడ పగలు పొడిగా కనిపించి, రాత్రికి మళ్లీ చెమ్మగిల్లేది అందుకే. ఈ అర పుట్టినప్పటినుంచీ ఒక్కసారి కూడా నిజంగా ఆరలేదు. మూత తీస్తే డీజిల్, బూజు, కుళ్లిన రొయ్య కలిసిన వాసన. దాన్ని తిట్టనివాళ్లు లేరు. తప్పు దానిది కాదని అన్నవాళ్లూ లేరు.

ఒక మధ్యాహ్నం ఒడ్డు కనిపించనంత దూరంలో ఇంజను ఆగిపోయింది. పడవాయన కొడుకు అరలో దూరాడు. వల లాగాడు, డబ్బా లాగాడు, జాకెట్లు లాగాడు. చాప బయటపడేసరికి పడవ అడ్డం తిరిగి ఊగుతోంది. విప్పితే నల్లటి బూజు మచ్చలు. తాడు కట్టి ఎత్తగానే కుట్టు జానెడు మేర పటపటా ఊడిపోయింది. ఆ సగం చాపతోనే, సముద్రపు గాలి ఒడ్డుకే వీస్తోంది కాబట్టి, చీకటి పడ్డాక పాలెం చేరారు. దారిలో ఒక్క అగ్గిపుల్లా వెలగలేదు.

మర్నాడు పడవాయన భార్య వచ్చి మూత ఎత్తి చూసింది. “బియ్యం మూట ఇంట్లో నేల మీద పెడతామా? కింద చెక్కేసి, గోడకి తగలకుండా కదా పెట్టేది. మరి దీంట్లో అడుగునే ఎందుకు పెట్టారు?” అంది.

ఈ అర బతుకు మారింది ఆ మాటతోనే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ ఏడు ఆ రోజుల్లో మొదటి పని దీనిదే. సబ్బునీళ్లతో డీజిల్ జిడ్డు వదిలించి, మంచినీళ్లతో మూడుసార్లు కడిగి ఎండబెట్టారు. కొడుకు ముక్కుకి మాస్కు, చేతులకి తొడుగులు వేసుకుని పీచు మొనలన్నీ గరుకు కాగితంతో రుద్దాడు. గాజుపొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. దుమ్ము తుడిచి లోపలంతా మైనం కలిపిన రెజిన్ పూశాడు. మైనం లేకపోతే పాలియెస్టర్ రెజిన్ పైపొర గాలి తగిలి జిగటగానే ఉండిపోతుంది. మైనం పైకి తేలి గాలిని అడ్డుకుంటుంది, అప్పుడు గట్టిపడుతుంది. పూత గట్టిపడేసరికి గోడ మీద తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలనేంత నునుపు వచ్చింది.

అడుగున నీళ్లు పోవడానికి రంధ్రం వెయ్యాలన్నప్పుడు పడవాయన ఒప్పుకోలేదు. అలల్లో ముందుకొసని తేల్చి ఉంచేది ఈ మూసి ఉన్న అరలోని గాలే. ఆయన చెప్పింది న్యాయమే. అందుకే రంధ్రానికి మరతో బిగించే బిరడా పెట్టారు, సముద్రంలో బిగించడానికి, ఒడ్డున విప్పడానికి. మూతకి రబ్బరు పట్టీ అంటించారు. అడుగు మీద వేలెడు సందులతో చెక్కపట్టీలు పరిచారు, ఎత్తి కడుక్కోవడానికి వీలుగా వాటిని మేకులతో కొట్టలేదు. డీజిల్ డబ్బా అమరం వైపు, అంటే వెనకకొస వైపు వెళ్లిపోయింది. దాంతో వాసన పోయింది, ముందుకొస బరువూ తగ్గింది.

పూత ఆరేదాకా కొడుకు నీడన కూర్చుని ఫోన్లో పడవల కథలు చదివి తండ్రికి వినిపించేవాడు. ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ పొడవు 17 మీటర్లు. అందులో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్యతో సహా ఆరుగురు నావికాదళ అధికారిణులు 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, భూగోళం చుట్టి 254 రోజులకి తిరిగొచ్చారు. ముంబయిలో టేకుతో కట్టిన 32 అడుగుల సుహైలీ అనే పడవలో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా 312 రోజుల్లో ప్రపంచాన్ని చుట్టాడు. ఆయన ట్యాంకుల్లోని మంచినీళ్లు దారిలో పాడైపోతే, విడిగా డబ్బాల్లో దాచిన నీళ్లూ పట్టుకున్న వాననీళ్లూ ఆదుకున్నాయి. అంత దూరం వెళ్లేవాళ్లు తిండి డబ్బాల మీది కాగితం ముందే పీకేసి, లోపలేముందో రంగుతో రాస్తారట. తడిసిన కాగితం ఊడి, నీళ్లు తోడే పంపుకి అడ్డం పడుతుందని.

“మనమూ రాద్దాం” అన్నాడు తండ్రి.

ఇప్పుడు అరలో నాలుగు వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాలున్నాయి. బియ్యం, అగ్గిపెట్టెలు, మందులు, టార్చి. పేర్లు ఎర్ర రంగుతో రాసింది పడవాయన భార్య. మంచినీళ్లు రెండు క్యాన్లలో ఉంటాయి, ఒకటి ముందు, ఒకటి నడుమ. లైఫ్ జాకెట్లు మూత తియ్యగానే చేతికి తగులుతాయి. వాటి పక్కనే కొత్త చాప. వల లోపలికి రాదు. ఆ విషయంలో ఆమె మాటే చెల్లుతుంది.

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు వేటకి పోవద్దని కబురొస్తే పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ రోజు అర మూత తెరిచే ఉంటుంది, బిరడా విప్పే ఉంటుంది, చెక్కపట్టీలు ఇసుక మీద ఎండుతుంటాయి.

నిన్న సాయంత్రం వాన పడింది. చాప తడిసింది. కొడుకు అలాగే మడిచి లోపలికి తొయ్యబోయాడు.

“తడిగుడ్డ దీంట్లో పెట్టబాక రా” అని కేకేసింది తల్లి, గట్టు మీంచే.

వాడు దాన్ని రెండు గెడల మధ్య ఆరేశాడు. ఇవాళ పొద్దెక్కినా చాప మడతల్లో ఇంకా కాస్త చెమ్మ ఉంది. అర మూత తెరిచే ఉంది.