పొడి ముఖం మీద పొడి

యాభై ఏళ్ళు దాటిన స్త్రీ ముఖానికి పౌడర్ ఫౌండేషన్ అద్దడమనే ఆచారంలోని మూలదోషం, జిడ్డును పీల్చడానికి పుట్టిన పదార్థాన్ని, కాస్త జిడ్డు మిగిలి ఉంటే బాగుండునని తపిస్తున్న చర్మం మీద ప్రయోగించడమే. ఈ సంగతి రసాయనశాస్త్రానికి తెలుసు, చర్మవైద్యానికి తెలుసు, పెళ్ళికూతురి తల్లిని తేరిపార చూసిన ప్రతి చుట్టానికీ తెలుసు. తెలియనిదల్లా ముహూర్తానికి గంటన్నర ముందు కల్యాణమండపంలో పెట్టె తెరిచి కూర్చునే బ్యూటీషియన్‌కు మాత్రమే. ఆమె పెళ్ళికూతురికి వాడిన డబ్బానే, ఆ పఫ్‌నే, ఆ ధోరణిలోనే తల్లికీ వాడుతుంది కనుక, రిసెప్షన్ వేదిక మీద కూతురు తన వయసుకు తగినట్టుగానూ, తల్లి తన వయసుకు పదేళ్ళు పైబడినట్టుగానూ కనిపించడం మాఘమాసమంతా ఏ హాలుకు వెళ్ళినా తప్పని దృశ్యమైపోయింది.

పౌడర్ ఫౌండేషన్ అంటే ముఖవర్ణం అంతటా ఒకే తీరుగా కనబడడానికి రంగు కలిపి, డబ్బాలో బిళ్ళగా నొక్కి అమ్మే పొడి. అందులో ప్రధానభాగం సాధారణంగా టాల్క్, అభ్రకం వంటి ఖనిజాల పిండి; మచ్చలను కప్పడానికి టైటానియం డయాక్సైడ్ అనే తెల్లని పదార్థమూ, ఛాయ కోసం పసుపు, ఎరుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లూ, అంటే మర్యాదగా శుద్ధిచేసిన తుప్పు వంటివీ, ఇదంతా రాలిపోకుండా పట్టి ఉంచడానికి కొద్దిగా నూనెజాతి బంధకమూ చేరుతాయి. యౌవనంలో తైలగ్రంథులు సెబమ్ అనే జిడ్డును ధారాళంగా స్రవిస్తాయి కాబట్టి, పొడి దానిలో కలిసి చర్మానికి అంటుకుని, మెరుపును అణచి, నునుపనే భ్రాంతిని కల్పిస్తుంది. ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజన్ తగ్గడంతో ఆ స్రావమూ తగ్గుతుంది, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తు క్షీణిస్తుంది, పైపొర మునుపటికన్నా నెమ్మదిగా రాలి నెమ్మదిగా కొత్తదవుతుంది. అటువంటి చర్మం మీద పడిన పొడి కలిసిపోవడానికి జిడ్డు దొరకక, ఉన్న కాస్త తేమనూ పీల్చుకుని, ముఖం కదిలినప్పుడల్లా జారి, చివరకు పాత గచ్చు పగుళ్ళలో ముగ్గుపిండి చేరినట్టు కళ్ళ కింది సన్నని గీతల్లో స్థిరనివాసం ఏర్పరచుకుంటుంది. అంతవరకు పక్కన కూర్చున్నవారికి కూడా కనబడని గీత, నాలుగో వరుసలోనివారు లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా బయటపడుతుంది. నవ్వకుండా ఉంటే కొంత మేలే గాని, పెళ్ళికూతురి తల్లి నవ్వకపోతే వియ్యాలవారు దానికి వేరే అర్థం తీస్తారు.

టాల్క్ గురించి ఇక్కడ నాలుగు మాటలు అవసరం. అవసరం కాకపోయినా తప్పవు. రసాయనికంగా అది నీటి అంశ గల మెగ్నీషియం సిలికేట్. 1812లో ఫ్రీడ్రిష్ మోస్ అనే జర్మన్ ఖనిజశాస్త్రజ్ఞుడు ఖనిజాల కాఠిన్యాన్ని ఒకటి నుంచి పది వరకు వరుస పెట్టినప్పుడు, గోటితో గీసినా గీత పడే ఈ మెత్తని ఖనిజానికి అట్టడుగున 1వ స్థానమూ, వజ్రానికి 10వ స్థానమూ దక్కాయి. రవ్వల ముక్కుపుడక పెట్టుకుని పౌడరు పూసుకున్న గృహిణి ముఖం మీద ఆ పట్టిక ఆద్యంతాలు రెండూ అంగుళమైనా ఎడం లేకుండా కొలువుదీరుతాయన్న విషయాన్ని భూగర్భశాస్త్ర గ్రంథాలు ఎందుకో విస్మరించాయి. టాల్క్ అధికంగా ఉండే శిలే సబ్బురాయి, తెలుగువారి బలపపు రాయి. అనగా అయిదో ఏట పలక మీద ఓనమాలు దిద్దిన బలపం, పంతులుగారు అటు తిరగగానే కొరికి తిన్న బలపం, యాభయ్యో ఏట అద్దం బిగించిన డబ్బాలో, అప్పటి ధరకు ఏ పోలికా లేని ధరకు, తిరిగి చేతికి వస్తున్నది. పులుసు కాచే రాచ్చిప్ప కూడా ఆ రాతిదే. వేడిని చాలాసేపు నిలుపుకునే గుణం వల్లనే పొయ్యి మీద నుంచి దించిన తరువాత కూడా అందులోని పులుసు తుకతుకలాడుతూ ఉంటుంది. దర్జీ గుడ్డ మీద గీతలు గీసే బిళ్ళకూ, సైకిల్ షాపులో ట్యూబు అంటుకోకుండా చల్లే పొడికీ చిరకాలంగా ఆధారం అదే. అక్షరాభ్యాసానికి, పులుసుకు, జాకెట్టుకు, పంక్చరుకు ఇంత నిజాయితీగా సేవచేసిన ఖనిజం ముఖం దగ్గరికి వచ్చేసరికి మాత్రమే మొరాయించడం విచారించదగిన విషయం. అది మొరాయించని ముఖం ఒకటి లేకపోలేదు. హొయసల విష్ణువర్ధనుని కాలంలో, 1117 ప్రాంతంలో వెలసిన బేలూరు చెన్నకేశవాలయంలో దర్పణసుందరి అనే మదనిక ఉంది; సబ్బురాయి అని వాడుకలో పిలిచే క్లోరైటు శిలలో మలచిన ఆమె, తొమ్మిది వందల ఏళ్ళుగా చేతి అద్దంలో చూసుకుంటూనే ఉన్నా, కంటి కింద పొడి పేరుకున్న దాఖలా లేదు, టచప్ అవసరమూ రాలేదు. పైన ఉన్నదీ లోపల ఉన్నదీ ఒకే రాయి కావడం ఇందుకు కారణమని ఊహించవచ్చు. మానవస్త్రీలకు ఆ సౌలభ్యం లేదు, ఆడపడుచులు ఒకరి గురించి ఒకరు ఏమనుకున్నా సరే.

ఈ పూత వంశావళిలో కెమెరా ఉంది. 1930లలో, టెక్నికలర్ అనే రంగుల చిత్రీకరణ పద్ధతికి పాత జిడ్డురంగుల మెరుపు పనికిరాదని తేలినప్పుడు, హాలీవుడ్‌లోని మాక్స్ ఫాక్టర్ సంస్థ తడి స్పాంజితో పూసే పాన్‌కేక్ అనే బిళ్ళను రూపొందించింది. స్టూడియో దీపాల వేడికి చెమటోడ్చే తారల ముఖాలకోసం పుట్టిన ఆ తర్కం, సినిమా మేకప్ గదుల మీదుగా, పెళ్ళి వీడియోల మీదుగా, మధ్యలో ఎక్కడా ఎవరి వయసూ అడగకుండా కల్యాణమండపానికి చేరింది. దీనికి తోడు టైటానియం డయాక్సైడ్ కాంతిని బలంగా వెనక్కి చిమ్ముతుంది కాబట్టి, చామనఛాయ ముఖం ఫ్లాష్ వెలుగులో బూడిద రంగుకు తిరిగి, మెడ మాత్రం పుట్టురంగులోనే ఉండిపోయి, ఆల్బమ్ తిరగేసేవారికి తల వేరొకరిదేమోనన్న సందేహం కలిగిస్తుంది. ఆ పదార్థానికి మూలమైన ఇల్మనైటు అనే ఖనిజం భీమునిపట్నం తీరపు ఇసుకలోనూ ఉందని తెలిసిన తరువాత కూడా, ఆ బూడిద రంగును మనదేనని సరిపెట్టుకోవడం కష్టం.

అన్నిటినీ మించి కొరుకుడుపడని విషయం మరొకటి ఉంది. స్త్రీలలో సెబమ్ ముట్లుడిగిన తరువాత తగ్గుముఖం పడుతుండగా, పురుషులలో అది ఎనభైల దాకా చెప్పుకోదగినంత తగ్గదని వైద్యశాస్త్రం చెబుతున్నది. ఈ లెక్కన పెళ్ళిపందిట్లో పౌడరు అవసరం ఉన్న పెద్దముఖం పెళ్ళికూతురి తండ్రిది. హోమం పొగలో, కన్యాదానపు హడావుడిలో, క్యాటరింగ్ బాకీ తలపులో నిగనిగలాడుతున్న ఆయన నుదుటికి పఫ్ అద్దాలన్న ఆలోచన ఏ బ్యూటీషియన్‌కూ, ఏ ఫోటోగ్రాఫర్‌కూ రాలేదు. పైగా ఆ జిడ్డును చూసి పురోహితుడు సహా అందరూ వర్చస్సని మెచ్చుకుంటారు. మరోవైపు, ప్రౌఢచర్మానికి ప్రత్యేకమని చెప్పే డబ్బాలను ప్రకటనల్లో చేతబట్టి నవ్వే అమ్మాయికి ఇరవై రెండేళ్ళు మించవు, ఆమె చర్మానికి ఆ డబ్బా అవసరమూ లేదు.

అయినా డబ్బా తెరిచినప్పుడు వద్దనే తల్లులు తక్కువ. కూతురి పెళ్ళినాడు అందరి చూపూ పడే ముఖం మీద నిద్రలేని ఏళ్ళు కనబడకూడదని కోరుకోవడంలో అహంకారం కన్నా అలసటే ఎక్కువ. నోటి పక్క గీత పడుతున్న తీరులో తన తల్లి పోలిక తేలుతున్నదని ఆమె అద్దంలో ఎప్పుడో గమనించి ఉంటుంది. ఆ తల్లి పోయి చాలాకాలమై, గోడమీది ఫోటో కూడా ఓటరు కార్డు నుంచి పెద్దది చేయించినదే అయిన ఇళ్ళలో, పొడితో కప్పేస్తున్నది దేనినో ఎవరూ ఆగి చూడరు.

ఉపాయం మాత్రం ఉంది. ముందుగా తేమనిచ్చే క్రీము రాసి, అది ఇంకేవరకు ఆగి, మచ్చలుంటే వాటి మీద మాత్రమే ద్రవరూపంలోని ఫౌండేషన్ చుక్క పెట్టి, పొడిని పఫ్‌తో అదమకుండా మెత్తని బ్రష్‌తో ముక్కు పక్కల, గడ్డం మీద, నుదుటి నడుమ, అంటే జిడ్డు కాస్తయినా మిగిలి ఉండే చోట్ల తాకించి, కళ్ళ కింద బొత్తిగా వదిలేసి, చివర సన్నని నీటితుంపర చల్లితే పూత చర్మంలో చాలావరకు కలిసిపోతుంది. రంగును పగటి వెలుగులో మెడ పక్కన పెట్టి ఎంచుకోవాలి గాని, ట్యూబులైటు కింద చేతి వెనుక కాదు. దీనికంతటికీ చిటికెడు పొడి, పావుగంట ఓపిక చాలు. కానీ ప్యాకేజీ ధర మొత్తం ముఖానికి కట్టినది, మూడు చోట్ల తాకించి బ్రష్ కింద పెడితే, డబ్బు లెక్కపెట్టి ఇచ్చే వదినగారు "అప్పుడే అయిపోయిందా?" అని అడుగుతుంది, ఆ ప్రశ్నకు జడిసి బ్యూటీషియన్ పఫ్‌ను మరొకసారి డబ్బాలో అద్దుతుంది.