అర్జెంటీనా అద్దెకు ఇవ్వబడును

2023లో అర్జెంటీనా వాళ్లు మన ఫుట్‌బాల్ సమాఖ్యకి కబురంపారు. ప్రపంచకప్పు గెలిచి ఆర్నెల్లు కావస్తోంది, జూన్‌లో జట్టు ఆసియా వైపు వస్తోంది, మీ దగ్గర కూడా ఒక ఫ్రెండ్లీ మ్యాచ్ ఆడి పోతాం, ఏమంటారు అని. మనవాళ్లు ఉబ్బితబ్బిబ్బయ్యారు. ఆ తర్వాత రేటు అడిగారు. నలభై, యాభై లక్షల డాలర్లు, అంటే మన లెక్కలో 40 కోట్ల దాకా అని పత్రికల్లో వచ్చింది. సమాఖ్య పెద్దలు జేబులు తడుముకుని, అంత స్తోమత మాకు లేదని ఉన్నమాట చెప్పేశారు. మన దేశంలో ఒక క్రీడాసంఘం ఉన్నమాట చెప్పిన సందర్భాలు తక్కువ గనక ఇది చరిత్రలో రాసుకోదగ్గది.

ఫ్రెండ్లీ అంటే స్నేహపూర్వక మ్యాచ్. స్నేహం గంటన్నర, ఫీజు 40 కోట్లు. శత్రుత్వం ఇంకా చవగ్గా దొరుకుతుందేమో కనుక్కోవాలి.

మనం కాదన్నాక వాళ్లేం ఖాళీగా కూర్చోలేదు. జూన్ 15న బీజింగ్‌లో ఆస్ట్రేలియాతో ఆడారు. మెస్సీ రెండో నిమిషంలోనే గోల్ కొట్టి చైనా వాళ్ల డబ్బు అక్కడికక్కడే వసూలు చేయించాడు. నాలుగు రోజుల తర్వాత జకార్తాలో ఆట. ఇండోనేషియా జనం ఎగబడి టికెట్లు కొన్నారు. తీరా చూస్తే మెస్సీ రాలేదు, సెలవు మీద వెళ్లిపోయాడు. ఆ రాత్రి జకార్తా వాళ్లకి అర్జెంటీనా దొరికింది, మెస్సీ దొరకలేదు. షాపులో ఈ రెండూ వేరువేరు సరుకులనీ, ఒకటి కొంటే రెండోది ఉచితం కాదనీ ఆసియా ఖండానికి అప్పుడే తెలిసింది.

తెలిసింది గానీ ఒంటబట్టలేదు. 2024 ఫిబ్రవరిలో హాంకాంగ్‌లో ఇంకోటి జరిగింది. అది దేశం జట్టు కూడా కాదు, అమెరికాలో ఆయన ఆడే క్లబ్బు. మెస్సీ గాయమని చెప్పి బెంచీ మీంచి లేవలేదు. జనం డబ్బు వాపసు ఇమ్మని అరిచారు. మూడు రోజులు తిరక్కుండా ఆయన టోక్యోలో మైదానంలోకి దిగేసరికి చైనాకి కడుపు మండింది. మార్చిలో హాంగ్‌జౌలో, బీజింగ్‌లో ఆడాల్సిన అర్జెంటీనా మ్యాచ్‌లు రెండూ రద్దయ్యాయి. పాపం, దేశం జట్టు చేసిన తప్పేముంది? క్లబ్బు బెంచీ మీద కూర్చున్నవాడి గాయానికి, దేశం జట్టు ఒప్పందాలకి ముడిపడిపోయింది. ఆ రెండు ఆటలూ అమెరికాలో ఆడుకుని వాళ్ల దారిన వాళ్లు పోయారు.

ఈ వ్యాపారంలో నాకు ముచ్చటేసే విషయం ఒకటుంది. మామూలుగా ఎవడైనా సరుకు అమ్మాలంటే ముందు పెట్టుబడి పెట్టాలి, ప్రచారం చేసుకోవాలి, ఊరూరా తిరగాలి. ఇక్కడ ఆ ఖర్చంతా కొనేవాడే పెట్టుకుంటాడు. 1986లో మెక్సికోలో మారడోనా ఇంగ్లండు వాళ్లని అయిదారుగుర్ని దాటుకుంటూ వెళ్లి గోల్ కొట్టాడు. దూరదర్శన్ పుణ్యమా అని మలబారులో, బెంగాల్లో పల్లెపల్లెనా జనం ఒక టీవీ చుట్టూ గుమిగూడి చూశారు. అంతే, మూడు తరాలకి సరిపడా అభిమానం పుట్టింది. బ్యూనస్ ఎయిరీస్‌లో ఎవరికీ పైసా ఖర్చు కాలేదు. వాళ్లకి ఈ సంగతి తెలియడానికే ముప్పయ్యేళ్ల పైన పట్టింది.

2022 ప్రపంచకప్పుకి ముందు కోళికోడ్ దగ్గర పుల్లావూర్ అనే ఊళ్లో ఏం చేశారో గుర్తుందా? ఏటి మధ్యలో ఉన్న తిన్నె మీద అర్జెంటీనా అభిమానులు 30 అడుగుల మెస్సీ కటౌట్ నిలబెట్టారు. నీళ్లలో నడుచుకుంటూ మోసుకెళ్లి నిలబెట్టారు. రోజులు తిరక్కుండా బ్రెజిల్ వాళ్లు ఒడ్డున 40 అడుగుల నేమార్‌ని లేపారు. పోర్చుగల్ వాళ్లు ఊరుకుంటారా, అంతకన్నా ఎత్తు రొనాల్డో వచ్చాడు. మన దగ్గర సినిమా హీరోల కటౌట్లకి పాలాభిషేకం చేస్తారు, ముగ్గురికీ కలిపి ఒకే ఏట్లో జలాభిషేకం చేసింది మాత్రం వాళ్లే. ఒక లాయరు గారు ఇది ఏటి ప్రవాహానికి అడ్డం అని పంచాయతీకి ఫిర్యాదు కూడా చేశారు. ఆ ఫొటోని ఫిఫా ప్రపంచమంతా పంచింది. చందాలు వేసుకున్నది కుర్రాళ్లు, మోసింది వాళ్ల భుజాలు, ప్రచారం ఫిఫాకి.

ఆ రోజుల్లోనే ఖతార్‌లో ఇంకా తమాషా. దోహా వీధుల్లో మలయాళీ కుర్రాళ్లు అర్జెంటీనా, బ్రెజిల్, ఇంగ్లండు జెర్సీలేసుకుని డప్పులతో ఊరేగితే, కొందరు యూరప్ విలేకర్లకి అనుమానమొచ్చింది: వీళ్లు కిరాయి ఫ్యాన్సా అని. ఇంగ్లండు మొహం చూడనివాడు ఇంగ్లండు చొక్కా ఎందుకేసుకుంటాడు, ఎవరో డబ్బిచ్చుంటారు అని వాళ్ల తర్కం. ఎండలో కూలి చేసి సంపాదించిన రియాళ్లతో ఆ చొక్కా కొనుక్కున్నవాడిని పట్టుకుని నీకెంతిచ్చారు అని అడగడం! డబ్బు ఎటునుంచి ఎటు పోతోందో ఆర్థిక పేజీలు రాసేవాళ్లకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

అర్జెంటీనా ఫుట్‌బాల్ సంఘం మాత్రం పసిగట్టింది. కప్పు గెలిచాక బంగ్లాదేశ్‌కి, కేరళకి, ఇండియాకి, పాకిస్తాన్‌కి వరసగా పేరుపేరునా థాంక్స్ చెప్పింది. కేరళ వేరు, ఇండియా వేరు. ఇక్కడ కొందరు నొచ్చుకున్నారు గానీ అందులో రాజకీయమేం లేదు. అది జెర్సీల అమ్మకం పటం, సర్వే ఆఫ్ ఇండియా పటం కాదు.

ఇక వసూళ్లు. ప్రాంతీయ స్పాన్సర్ అని ఒక పద్ధతుంది. ఒక కంపెనీ డబ్బు కడితే తన దేశం వరకు ఆ జట్టు బొమ్మ, గుర్తు వాడుకోవచ్చు. సరిహద్దు దాటితే ఇంకో కంపెనీ, ఇంకో సంతకం. బంగ్లాదేశ్‌లో బీకాష్ అనే మొబైల్ డబ్బుల కంపెనీ తీసుకుంది. మన దగ్గర 2022లో అమూల్ తీసుకుంది. తీసుకున్నది అర్జెంటీనా ఒక్కదాన్నే కాదు, పోర్చుగల్‌ని కూడా. మెస్సీ గెలిచినా మన పాలే, రొనాల్డో గెలిచినా మన పాలే. గుజరాత్ పాడి రైతుకి ఉన్నంత ముందుచూపు మన పార్టీలు మారే నాయకులకి కూడా లేదు. ఇక అమ్మే సంఘం సంగతి: ఒకే పొలాన్ని పదిమందికి రిజిస్ట్రేషన్ చేస్తే మన దగ్గర చీటింగ్ కేసు పెడతారు. ఒకే చారల చొక్కాని పది దేశాలకి రిజిస్ట్రేషన్ చేస్తే అక్కడ మార్కెటింగ్ డైరెక్టర్ అంటారు.

ఇప్పుడు కేరళ సంగతికొద్దాం, అసలు కథ అక్కడే ఉంది. దేశం సమాఖ్య చేతులెత్తేసిందని వినగానే కేరళ అప్పటి క్రీడామంత్రి వి. అబ్దురహిమాన్ గారు మేమున్నాం రండన్నారు. 2024 సెప్టెంబరులో స్పెయిన్ వెళ్లి అర్జెంటీనా సంఘం వాళ్లని కలిశారు. అర్జెంటీనాని పిలవడానికి స్పెయిన్ ఎందుకంటే, పెళ్లికూతురు తరఫు పెద్దలు అక్కడ మకాం పెట్టారు మరి. ఆ ప్రయాణానికి సుమారు 13 లక్షలైందని తర్వాత సమాచార హక్కు దరఖాస్తు పెట్టినవాళ్లకి తెలిసింది. నవంబరులో విలేకర్ల సమావేశం: వచ్చే ఏడాది మెస్సీ కేరళకి వస్తున్నాడు!

ఆ రోజు నుంచి ఏడాది పాటు కేరళలో రెండే ఋతువులు. వస్తున్నాడు, రావట్లేదు. స్పాన్సర్‌గా ఒక వార్తా ఛానెల్ కంపెనీ దిగింది. వార్త చెప్పేవాడే వార్తకి పెట్టుబడి పెట్టడం మన మీడియాకి కొత్తేం కాదు, రశీదుతో పెట్టడం కొత్త. 130 కోట్లు కట్టేశామన్నారు వాళ్లు. 2025 ఆగస్టులో అర్జెంటీనా వైపు నుంచి, ఒప్పందం తప్పింది కేరళ వాళ్లేనన్న మాట బయటికొచ్చింది. ఎవరు తప్పారన్నది తేలకముందే, అదే నెలలో అర్జెంటీనా సంఘం అధికారికంగా ప్రకటించింది: నవంబరు 10 నుంచి 18 లోపల అంగోలాలోని లువాండాలో ఒకటి, కేరళలో ఒకటి. ప్రత్యర్థి ఆస్ట్రేలియా అన్నారు. వేదిక కొచ్చిలో కలూర్ స్టేడియం అన్నారు. మెస్సీ కూర్చోడు గానీ మెస్సీని చూసేవాళ్లు కూర్చోవాలి కదా, పాత కుర్చీలు పీకేశారు. మరమ్మతుల బాధ్యతా స్పాన్సర్‌దే.

అక్టోబరు 25న స్పాన్సర్ చల్లగా చెప్పాడు, ఫిఫా అనుమతి ఆలస్యమైంది, నవంబరులో కుదరదు, వచ్చేసారి చూద్దాం అని. నవంబరు 14న అర్జెంటీనా లువాండాలో ఆడింది. అంగోలాకి స్వాతంత్ర్యం వచ్చి 50 ఏళ్లయిన ఉత్సవం అది. దేశంలో ఆకలి ఉంటే ఈ ఆర్భాటమేమిటి, రాకండి అని అక్కడి పౌరసంఘాలు ముందే ఉత్తరం రాశాయి. వచ్చారు, 2-0తో గెలిచారు, వెళ్లారు. కేరళ జనం రండి రండి అని ఏడాది పిలిస్తే రాలేదు, అంగోలా సంఘాలు వద్దంటే వెళ్లారు. ఎవరు ప్రేమిస్తున్నారన్నది కాదు, ఎవరి ప్రభుత్వం పండగ చేసుకుంటోందన్నది లెక్క. కొచ్చి వాళ్లకి మిగిలింది సగం విప్పిన స్టేడియం, దాని మీద అసెంబ్లీలో కొట్టుకోవడానికి సరిపడా పాయింట్లు.

జట్టు రాకపోతేనేం, మెస్సీ విడిగా దొరికాడు. 2025 డిసెంబరు 13న పొద్దున కోల్‌కతా, సాయంత్రం హైదరాబాదు. కోల్‌కతా వాళ్లకి ఇది కొత్త కాదు. 2011 సెప్టెంబరు 2న అదే సాల్ట్‌లేక్ స్టేడియంలో అర్జెంటీనా జట్టు మొత్తం వచ్చి వెనెజులాతో నిజంగా ఆడింది. ఓటమెండి గోల్, 1-0. మెస్సీ పూర్తిస్థాయి కెప్టెన్‌గా ఆడిన మొదటి ఆట అదే. 2025లో అదే స్టేడియంలో ఆయన ఉన్నది ఓ 20 నిమిషాలు, అదీ మంత్రులూ, వాళ్ల బంధువులూ, సెల్ఫీల మధ్య. వేలు పోసి కొన్నవాళ్లకి మంత్రుల వీపులు స్పష్టంగా కనబడ్డాయి. కుర్చీలు గాల్లోకి లేచాయి. లేక్‌టౌన్‌లో పెట్టిన 70 అడుగుల మెస్సీ విగ్రహం మాత్రం ఎంతసేపైనా కదలకుండా నిలబడి చూడనిచ్చింది.

మన ఉప్పల్లో అంతా సజావుగా జరిగింది. క్రికెట్ స్టేడియంలో ఫుట్‌బాల్, జెర్సీలో ముఖ్యమంత్రి, జనం కేరింతలు. మా మేనల్లుడు పదో నంబరు చొక్కా వేసుకుని వెళ్లొచ్చాడు. మన దేశం జట్టులో ఓ ఇద్దరి పేర్లు చెప్పరా అన్నాను.

“సునీల్ ఛెత్రి, మామయ్యా.”

“ఇంకొకడు?”

“ఛెత్రి రిటైరై మళ్లీ వచ్చాడుగా. ఇద్దరి కింద లెక్కేసుకో.”

వాణ్ణని ఏం లాభం. ఆ డిసెంబరుకి రెండు నెలల ముందే హైదరాబాద్ ఎఫ్‌సీ ఊరొదిలి, పేరు కూడా మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. 2022లో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి మన దేశపు లీగు ఐఎస్ఎల్ కప్పు తెచ్చిన జట్టు అది. స్టేషన్‌కి వెళ్లి సాగనంపినవాడు లేడు. ఇదే ఊరి రహీం సాబ్ శిక్షణలో మన దేశం 1951లో, 1962లో ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ ఒలింపిక్ జట్టులో ఉన్నాడు. అప్పట్లో ఆ జట్టుని ఏ దేశానికైనా అద్దెకిచ్చుంటే ఎంత పలికేదో, మనకా ఆలోచనే రాలేదు.

ఇప్పుడు ఇద్దామన్నా పుచ్చుకునేవాళ్లు లేరు. 2025 నవంబరు గడువుతో ఐఎస్ఎల్ హక్కులకి సమాఖ్య టెండరు పిలిస్తే ఒక్కరూ బిడ్ వెయ్యలేదు. సున్నా. ఒక్క ఊరి ఒక్క ఆటకి 130 కోట్లు కట్టామని చెప్పేవాళ్లున్న దేశంలో, ఊరూరా తిరిగి నెలల తరబడి ఆడే లీగుకి అప్పుడు దిక్కులేకపోయింది. అదే నెల 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 1-0తో ఓడాం, 2003 తర్వాత ఇదే మొదలు. ప్రపంచకప్పు వస్తే ఇంటింటా అర్జెంటీనా జెండా ఎగరేసే ఊరది. వాళ్లు జెండా అద్దెకి తెచ్చుకున్నా ఆట సొంతంగా నేర్చుకున్నారు, అదే చిక్కు.

ఛెత్రి 2018 జూన్‌లో పెట్టిన వీడియో గుర్తుందా? ముంబైలో చైనీస్ తైపే మీద 5-0 గెలిచారు, ఆయనే మూడు గోల్స్ కొట్టాడు. చూడ్డానికొచ్చింది 2,569 మంది. మరునాడు కెప్టెన్ కెమెరా ముందు నిలబడి, మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, కానీ దయచేసి స్టేడియానికి రండి అని దణ్ణం పెట్టాడు. రెండు రోజుల్లో కెన్యాతో ఆటకి టికెట్లు అయిపోయాయి. దణ్ణానికి సమాఖ్యకి అయిన ఖర్చు లేదు. బహుశా అందుకే ఆ పద్ధతిని ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదు, ఇన్‌వాయిస్ లేని మార్కెటింగ్‌ని ఏ కమిటీ ఆమోదిస్తుంది?

కాబట్టి నా ప్రతిపాదన. 2025 చివర్లో ర్యాంకు 140 దాటిందని కుంగిపోకుండా మన జట్టుని అర్జెంటీనాలో అమ్మాలి. మెస్సీ సొంతూరు రొసారియో, పక్కనే పరానా నది. అందులో 40 అడుగుల ఛెత్రిని నిలబెడదాం. ఏటికి అడ్డమని అక్కడి లాయరెవరైనా ఫిర్యాదు చేస్తే ప్రచారం సగం గెలిచినట్టే. వాళ్ల మంత్రి ఒకాయన మనల్ని పిలవడానికి 13 లక్షలు ఖర్చుపెట్టుకుని వస్తాడు, మనం ఆయన్ని ఢిల్లీలో కాకుండా ఏ ఖాట్మండూలోనో కలుద్దాం. అడ్వాన్సు పుచ్చుకుందాం. స్టేడియంలో కుర్చీలు పీకించుకోమందాం. తేదీ దగ్గరపడ్డాక వాళ్లు తప్పకుండా ఒకటడుగుతారు, జట్టుతో పాటు ఛెత్రి కూడా వస్తాడు కదా అని.

రావచ్చు. అది వేరే రేటు.