ఉద్దేశం రెజీనాలో, ఉద్యోగం టొరంటోలో

కెనడాలో సస్కాచెవాన్ ప్రావిన్స్ నామినేట్ చేస్తేనే మనవాడికి పీఆర్ (శాశ్వత నివాస హోదా) వచ్చింది. ‘ఇక్కడే స్థిరపడాలన్నది నా ఉద్దేశం’ అని దరఖాస్తులో సంతకం గీకాడు. కార్డు అందిన వారానికే ఆ ప్రావిన్స్‌లోని రెజీనాలో కొన్న మంచు పార సగం ధరకు అమ్మేసి టొరంటో బస్సెక్కాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న!

వెనక్కి లాక్కొద్దామంటే 1982 నాటి హక్కుల చార్టర్ ఆరో సెక్షన్ అడ్డం. పీఆర్ ఉన్నవాళ్లు ఏ ప్రావిన్స్‌లోనైనా ఉండొచ్చు, పనిచేసుకోవచ్చు. కాకపోతే సంతకం పెట్టేనాటికే మనసు టొరంటోలో ఉందని రుజువైతే అది అబద్ధపు ప్రకటన, పీఆర్‌కే ఎసరు.

ప్రావిన్సుల పెద్దలూ, సంతకాలు తర్వాత చూసుకోండి. ముందు చదువుకు తగ్గ కొలువు చూపించండి. మైనస్ 30లోనైనా కదలకుండా కూర్చుంటాడు!