కొత్త బండి శబ్దశాస్త్రి

సంస్కృతంలో శబ్దశాస్త్రమంటే వ్యాకరణం. అక్కడ శబ్దం పదానికి పేరు కాగా, తెలుగువారి నోట అదే మాట చప్పుడుకు పేరుగా స్థిరపడింది. ఈ రెండర్థాలకూ ఏకకాలంలో న్యాయం చేయగల వ్యక్తి మన సమాజంలో ఒక్కడే ఉన్నాడు: కొత్తగా పికప్ బండి కొని, అందులో ఎక్కడో ఏదో మోగుతున్నదని మూడో రోజునే కనిపెట్టినవాడు. పికప్ అంటే ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే క్యాబిన్, వెనుక సరుకు వేసుకొనే పైకప్పు లేని బాడీ గల చిన్న లారీ; సరుకుతో కలిపి మూడున్నర టన్నులకు మించని వాహనాల తరగతికి చెందినది. 2005లో టాటా ఏస్ రావడంతో చిన్న సరుకు బండ్లు ఊళ్ల సందుల్లోకి కూడా చొరబడ్డాయి. అమెరికాలో పికప్‌ను షికారుకు సైతం వాడతారు గాని, నూజివీడు తోటల నుంచి నున్న మార్కెట్టుకు మామిడికాయలు తోలే ఆసామికి అది పొలం వంటిది. కాకపోతే వాన పడినా పడకపోయినా నెలనెలా వాయిదా అడిగే పొలం.

ఈ వ్యక్తి పుట్టుకలో ఒక విచిత్రముంది. ఇతడు అంతకుముందు పన్నెండేళ్లు తోలిన పాత బండిలో తలుపులు, అద్దాలు, సీటు, గేరు కడ్డీ అన్నీ కలిసి పెళ్లివారి ఇల్లులా గోలపెడుతున్నా ఇతడు వాటిపై ఏనాడూ చెవి పెట్టలేదు. కొత్త బండి చేసిన అపరాధమల్లా నిశ్శబ్దంగా ఉండడమే. ఇంద్రకీలాద్రి దిగువన వాహన పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి ఇంటికి తెచ్చిన రెండు రోజులూ చుట్టాల సందడిలో గడిచిపోగా, మూడో రోజు ఖాళీ బండితో ఆగిరిపల్లి దారి పట్టినప్పుడు ఆ నిశ్శబ్దంలోంచి ఒక చిన్న చప్పుడు, తెల్లపంచె మీద సిరాచుక్క లాగా, ఇతడికి వినిపిస్తుంది. ఆ క్షణం నుంచి ఇతడు రోడ్డు చూసి బండి తోలడం మానేసి, చెవులతో తోలడం మొదలుపెడతాడు.

తొలి దశలో ఇతడు వ్యాకరణవేత్త. ధ్వన్యనుకరణాలు, అంటే చప్పుడును అనుకరించి పుట్టిన మాటలు, తెలుగులో ఎంత పుష్కలంగా ఉన్నాయో విశ్వవిద్యాలయాల వారికన్నా ఇతడికే బాగా తెలుసు. రబ్బరు మీద ఇనుము ఒరుసుకుంటే కిర్రు, బెల్టు జారితే కీచు, పట్టు వదులైతే లొటలొట, రేకు అదిరితే గడగడ, డ్యాష్‌బోర్డు సందులో చిల్లర పడితే గలగల అని వీటిని ఇతడు ఎన్నడూ కలగాపులగం చేయడు. పైగా ఆమ్రేడితం విషయంలో ఇతడిది సనాతన నిష్ఠ. ఒక మాటను రెండుసార్లు పలికినప్పుడు రెండోదానిని ఆమ్రేడితమంటారని బడిలో చదివి మరిచిపోయినవారు, ‘టక్కు’కూ ‘టకటక’కూ మధ్యనున్న అంతరాన్ని ఇతడి దగ్గర తెలుసుకోవచ్చు; స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడు ఒక్కసారి మోగేది మొదటిదైతే, గతుకుల రోడ్డంతా వెంటాడేది రెండోది. తన బండిలోనిది ‘కటుక్కు’ అని, ‘కటకట’ ఎంతమాత్రం కాదని ఇతడు పదిమందిలో వాదించగలడు.

పాండిత్యానికి సాక్ష్యం కావాలి గనుక, ఇతడు సాక్షులను బండెక్కిస్తాడు. రేడియో కట్టి, అద్దాలెత్తి, ఊపిరి బిగపట్టి కూర్చోవలసిందిగా బావమరిదిని శాసిస్తాడు. గాజులు కదలకుండా రెండో చేత్తో పట్టుకొమ్మని భార్యను కోరతాడు. ఆమె నాలుగు కిలోమీటర్లు అలాగే కూర్చుని, “ఏమండీ, నాకేమీ వినపడటం లేదు,” అంటే, ఇతడు ఆమె మాటను కాక చెవులను శంకిస్తాడు.

సర్వీసు సెంటరులో ఈ శబ్దసంపద అంతా ఒక్క గీతలో కొట్టుకుపోతుంది. ఇతడు పావుగంటసేపు పెదవులతో, నాలుకతో, అరచేతితో బల్లను తట్టి మరీ వినిపించిన చప్పుడును అక్కడి అడ్వైజరు, అంటే బండ్ల ఫిర్యాదులు రాసుకొనే ఉద్యోగి, జాబ్ కార్డు మీద ‘అబ్‌నార్మల్ నాయిస్’ అనే రెండు మాటలకు కుదిస్తాడు. తరువాత బండిని ఒక చుట్టు తిప్పుకొచ్చి, “కొత్త బండి కదండీ, కొంత దూరం తిరిగితే సెట్టయిపోతుంది,” అని ఊరడిస్తాడు. ‘సెట్టవడం’ అంటే శబ్దం పోవడమో, యజమాని అలవాటు పడడమో ఆ వాక్యంలో తేలదు. బహుశా తేలకుండా ఉండడమే దాని ప్రయోజనం.

అడ్వైజరును పూర్తిగా తప్పుపట్టడానికి వీలులేదు. మనిషి తల వెడల్పు ఎంతో లేదు గనుక, పక్కనుంచి వచ్చిన చప్పుడు ఒక చెవికి చేరిన తరువాత రెండో చెవికి చేరడానికి సెకనులో వెయ్యోవంతు కూడా పట్టదు. ఆ కాస్త తేడాతోనే మెదడు కుడియెడమలను గుర్తిస్తుంది గాని, ముందూ వెనుకల దగ్గర తడబడుతుంది. ఆపైన ఉక్కులో ధ్వని గాలిలో కన్నా దాదాపు 15 రెట్లు వేగంగా పోతుంది గనుక, వెనుక పుట్టిన చప్పుడు ఛాసిస్ వెంట పాకి ముందెక్కడో తేలుతుంది. దీనికి అనునాదం తోడవుతుంది. ప్రతి వస్తువుకూ తనదైన ఊపు ఒకటి ఉంటుంది; బయటి కదలిక ఆ ఊపుతో కలిసినప్పుడు, సరైన సమయంలో తోసిన ఉయ్యాల మాదిరి, వస్తువు విజృంభించి అదురుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతూ నిలిచి ఉన్నప్పుడు సెకనుకు దాదాపు 27 సార్లు ఇంధనం మండుతుంది. ఆ లెక్కకు ఏ రేకు ఊపు సరిపోతే ఆ రేకు పాడుతుంది, వేగం పెంచగానే మానేస్తుంది. అందువల్లనే చప్పుడు యజమాని దగ్గర మోగి, అడ్వైజరు దగ్గర మూగదవుతుంది. ఇతడు మాత్రం దీనిలో కంపెనీ కుట్రనే చూస్తాడు.

తరువాతి మజిలీ విజయవాడ జవహర్ ఆటోనగర్. అక్కడి మేస్త్రీలకు వినికిడి కన్నా స్పర్శ మీద నమ్మకం ఎక్కువ. మేస్త్రి బండి కిందికి దూరి, కమాను కట్టలను ఇరుసుకు బిగించే యూ బోల్టులను తట్టి చూసి, బుష్‌లను, అంటే కీళ్ల దగ్గర ఇనుముకూ ఇనుముకూ మధ్య ఉండే రబ్బరు గొట్టాలను, పరీక్షించి, చివరకు ముందు జాలీలోంచి ఒక సన్నని తీగముక్క లాగి ఇతడి చేతిలో పెడతాడు. అది పూజనాటి పూలదండ తీగ; పూలు ఎండి రాలిపోయినా తీగ మిగిలి, జాలీని తడుతూ వచ్చింది. సామాన్యుడైతే అక్కడితో సంతోషిస్తాడు. ఇతడు తీగను జేబులో వేసుకొని, అది ‘టిక్కు’ మాత్రమేనని, తన ‘కటుక్కు’ ఇంకా లోపలే ఉన్నదని ప్రకటిస్తాడు. మేస్త్రి అప్పుడు తన సిద్ధాంతం చెబుతాడు: “ఖాళీ బండండీ, లోడు పడితే నోరు మూస్తుంది.”

ఈ మాటలో నిజముంది. కమాను కట్టలంటే పొడుగు తగ్గుతూ ఒకదానిపై ఒకటి పేర్చిన వంపు ఉక్కు పట్టీలు. ఒక టన్నుకు అటూఇటూ సరుకును మోయడానికి తగినట్లు వాటిని బిరుసుగా చేస్తారు గనుక, ఖాళీ బండి కింద అవి వంగక గతుకు గతుకుకూ బాడీని ఎగరేస్తాయి; బరువు పడగానే పట్టీలు కుదురుకొని, వదులుగా ఉన్నవన్నీ ఒత్తిడికి అణిగిపోతాయి. నూజివీడు నుంచి మామిడికాయలతో వచ్చేటప్పుడు బండి మౌనవ్రతం పాటించడానికీ, మార్కెట్టులో సరుకు దించి తిరిగి పోయేటప్పుడు నోరు విప్పడానికీ కారణమిదే.

సిద్ధాంతాన్ని అక్షరాలా ఆచరణలో పెట్టడం ఈ వర్గం లక్షణం. ఇట్టివారిలో ఒక మామిడి వర్తకుడు పది బస్తాల ఇసుక నింపి, రోజూ సరుకు దించాక వాటిని ఎక్కించుకొని, డీజిలు ఖర్చుకు వెరవక నిశ్శబ్దంగా ఇంటికి పోతుండేవాడు. ఒక సాయంత్రం చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబులు పట్టా కిందికి చూసి, “ఇసుకకు బిల్లేదయ్యా?” అన్నాడు. వర్తకుడు అది అమ్మకానికి కాదని, శబ్దం కోసమని విన్నవించాడు. ఇసుక రవాణాదారులు చెప్పే సాకులన్నీ విని ఉన్న ఆ ఉద్యోగికి ఇది కొత్తది కావడంతో, బస్తాలు దించి శబ్దం వినిపించమని క్యాబినెక్కి కూర్చున్నాడు. భార్య, బావమరిది, అడ్వైజరు, మేస్త్రి ఎవరూ వినని చప్పుడు కోసం వర్తకుడు ఇంద్రకీలాద్రి వైపు మనసులో మొక్కి, బండిని స్పీడ్ బ్రేకరు ఎక్కించి దించాడు.

“వస్తోందయ్యా!” అన్నాడు కానిస్టేబులు. “ఎడమ పక్క, వెనకాల.”

జరిమానా మాట, రోడ్డు పక్కన పడివున్న పది బస్తాల మాట వర్తకుడికి గుర్తు లేవు. బండి ఆపి, పూర్తిగా అతడి వైపు తిరిగి, “కటుక్కా అండీ, కటకటా?” అని అడిగాడు.